గుమ్మడికాయ కొట్టాక కావాల్సిన పైసలు

మన దగ్గర సినిమా మొదలైతే కొబ్బరికాయ కొడతారు, షూటింగ్ అయిపోతే గుమ్మడికాయ కొడతారు. ఈ రెంటి మధ్య ఖర్చుకు ఎట్లాగో ఒకట్ల పైసలు పుడతాయి. పొలం మీదనో, చిట్టీ మీదనో, దోస్తుల దగ్గరనో, దుబాయ్‌లో ఉన్న అన్న దగ్గరనో తెస్తారు. గుమ్మడికాయ పగిలిన తెల్లారి నుంచే అసలు గోస. వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి దిక్కు మొదలుపెట్టి ఆపేసిన సినిమాలను చూస్తే, షూటింగ్ మధ్యలో ఆగినవాటి కన్నా ఎడిటింగ్ దగ్గరనో మిక్సింగ్ ముందరనో ఆగినవే ఎక్కువ కనిపిస్తాయి. హార్డ్ డిస్కు బీరువాలో పడి ఉంటుంది. పైసలు పెట్టినవాళ్లు అడిగి అడిగి ఊరుకుంటారు. మంచి కథలు, మంచి నటన ఇట్లా బీరువాల్లో ఉండిపోవడం చూస్తే బాధగా ఉంటుంది. అందుకే ఈ పోస్టులో లెక్క చివరి నుంచి మొదలుపెడుతున్నా. పెద్ద బ్యానర్ అండ లేకుండా, ఇక్కడి మనుషులతో, మన యాసలో సినిమా తీయాలనుకునేవాళ్లకు పనికొస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 110 నిమిషాల సినిమా. పేరున్న నటులు లేరు. 28 రోజుల షూటింగ్, లొకేషన్‌లో రోజుకు 35 మంది. బడ్జెట్ 60 లక్షలు అనుకుంటే నేనైతే ఇట్లా విడదీస్తాను. స్క్రిప్టు పని, లొకేషన్ల వెతుకులాట, రిహార్సళ్లకు 3 లక్షలు. నటులకు 6. టెక్నీషియన్లకు 12. కెమెరా, లైట్లు, సౌండ్ సామాను కిరాయికి 9. తిండి, బస, బండ్లకు 10. ఆర్టు, కాస్ట్యూమ్స్‌కు 3. ఇక్కడికి 43 లక్షలు అయింది. మిగిలిన 17లో ఎడిటింగ్, డీఐ (రంగులు సరిదిద్దే పని), ఫోలీ (అడుగుల చప్పుడు లాంటి శబ్దాలు కలపడం), ఆర్ఆర్ (నేపథ్య సంగీతం), మిక్సింగ్‌కు 11 లక్షలు, సెన్సార్, సబ్‌టైటిళ్లు, డీసీపీ (థియేటర్‌లో వేసే డిజిటల్ ప్రింటు), లాయర్ కాగితాలకు 2, అనుకోని ఖర్చుకు 4. రేట్లు మనిషిని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి. నిష్పత్తి మాత్రం మారొద్దు. గుమ్మడికాయ లోపే నూటికి 72 రూపాయలు దాటి ఖర్చయితే ఆ సినిమా బయటికి రావడం కష్టమని ముందే రాసిపెట్టుకోవచ్చు. పబ్లిసిటీ, రిలీజ్ ఇందులో లేవు. వాటికి తక్కువలో తక్కువ ఇంకో 15 లక్షలు పక్కన ఉండాలి. అంటే అడగాల్సింది 75 లక్షలు. 60 అడిగి మొదలుపెట్టినవాళ్లు ఆఖర్లో ఆ 15 కోసం సినిమానే రాసిచ్చేస్తుంటారు.

బడ్జెట్ రాసేటప్పుడు అందరూ కెమెరా కిరాయి దగ్గర బేరమాడతారు, తిండి బండ్ల దగ్గర కళ్లు మూసుకుంటారు. లెక్క వేసి చూడండి. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం, రెండుసార్లు చాయ్, రాత్రి భోజనం కలిపి మనిషికి 350 అనుకున్నా 35 మందికి రోజుకు 12,250, 28 రోజులకు 3 లక్షల 43 వేలు. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు 20 మంది అయితే ఇద్దరికో గది చొప్పున 10 గదులు, గదికి వెయ్యి, 30 రాత్రులు, అక్కడ 3 లక్షలు. మూడు బండ్లు, డీజిల్‌తో కలిపి ఒక్కోటి 3,500 చొప్పున, దాదాపు 2 లక్షల 94 వేలు. ఈ మూడే 9 లక్షల 37 వేలు అయినాయి. షెడ్యూల్ నాలుగు రోజులు పెరిగితే మొదట పేలేది ఇక్కడే. అందుకని మనుషులను తగ్గించడం కన్నా రోజులు తగ్గించే స్క్రిప్టు రాసుకోవడం లాభం. 90 పేజీల స్క్రిప్టును 28 రోజుల్లో తీయాలంటే రోజుకు మూడు పేజీల పైచిలుకు పడుతుంది. లొకేషన్ మారిన ప్రతిసారీ సామాను ఎత్తి, దించి, లైట్లు పెట్టేసరికి రెండు గంటలు పోతాయి. కాబట్టి లొకేషన్లన్నీ ఒక పది కిలోమీటర్ల లోపల ఉండేట్టు కథను సర్దుకోవాలి. హన్మకొండలో గది, పరకాలలో ఇల్లు, లక్నవరంలో పాట అనుకుంటే సగం షూటింగ్ రోడ్డు మీదే అయిపోతుంది.

చివరి ఖర్చును కాపాడటానికి నాకు తెలిసిన ఒకటే పద్ధతి, ఆ పైసలు మొదటి రోజే వేరే ఖాతాలో వేసి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయడం. సంతకాలు ఇద్దరివి ఉండాలి. అందులో కనీసం ఒకరు డైరెక్టర్ కాని మనిషి అయి ఉండాలి. షూటింగ్‌లో ఇరవయ్యో రోజు క్రేన్ కావాలనిపిస్తుంది, వాన పడుతుంది, నటుడు రాడు. ఆ పైసలు చేతికి అందేట్టు ఉంటే ఏ డైరెక్టరైనా తీస్తాడు. షూటింగ్ డబ్బు మొత్తం ఖాతాలో పడేదాకా కొబ్బరికాయ కొట్టొద్దు అనేది దీనికి జోడు మాట. "మొదటి షెడ్యూల్ చేయండి, రషెస్ (తీసిన ఫుటేజీ) చూసి రెండో విడత ఇస్తా" అనే పెట్టుబడిదారు మంచివాడే కావచ్చు. కానీ రెండో విడత మూడు నెలలు ఆలస్యమైతే నటుడి గడ్డం మారుతుంది, పొలం రంగు మారుతుంది, పదేళ్ల పిల్లాడు ఎత్తు పెరుగుతాడు.

ఇక వసూళ్ల లెక్క. ఇది పైసలు అడగబోయే ముందు మనకు మనం చెప్పుకోవాల్సినది. టికెట్ 150 రూపాయలు, 18 శాతం జీఎస్టీ అందులోనే ఉందనుకుంటే మిగిలేది 127. థియేటర్‌తో సగం సగం అయితే 63 రూపాయల 50 పైసలు. డిస్ట్రిబ్యూటర్ కమీషన్ 20 శాతం తీస్తే దాదాపు 51. పెట్టిన 75 లక్షలు రావాలంటే సుమారు 1,47,000 టికెట్లు తెగాలి. 300 సీట్ల హాలు అయితే 490 హౌస్‌ఫుల్ షోలు. పేరున్న మొహం లేని సినిమాకు ఇది థియేటర్ల నుంచే వస్తుందని ఎవరికీ మాట ఇవ్వకూడదు. 2023 మార్చిలో వచ్చిన 'బలగం'ను చాలామంది ఉదాహరణగా చెబుతారు. సిరిసిల్ల దిక్కు పల్లె, చావు ఇల్లు, మన యాస, ఊళ్లలో తెరలు కట్టి మరీ చూశారు. యాస అడ్డం కాదని అది తేల్చింది, అది చిన్న విషయం కాదు. అయితే దాని వెనక పెద్ద నిర్మాణ సంస్థ ఉంది, థియేటర్లు దొరకడం అనే బాధ దానికి లేదు. మనకు మొదటి బాధే అది.

పైసలు ఎక్కడ పుడతాయి? ఒకడే పెట్టడం అన్నిటికన్నా సులువుగా కనిపిస్తుంది. రైస్ మిల్లో, గ్రానైట్ క్వారీయో, వెంచర్లో ఉన్నాయన ముందుకొస్తాడు. సంతకం అయినంక ఆయన మేనల్లుడు హీరో అవుతాడు, ఇంకో పాట పెరుగుతుంది. వద్దని చెప్పే హక్కు కాగితం మీద లేకపోతే వద్దనలేం. వడ్డీకి తేవడం ఇంకో తొవ్వ. నూటికి మూడు రూపాయల వడ్డీకి 20 లక్షలు తెస్తే నెలకు 60,000. కొబ్బరికాయ నుంచి రిలీజ్ దాకా 20 నెలలు పట్టడం మామూలే, అప్పటికి వడ్డీనే 12 లక్షలు. పైగా ఫైనాన్షియర్ నుంచి క్లియరెన్స్ లెటర్ రాకపోతే రిలీజ్‌కు ముందు రోజు రాత్రి సినిమా ఆగుతుంది. వడ్డీ డబ్బు తప్పదనుకుంటే రిలీజ్ తేదీ ఖాయమైనంక, చివరి నెల రోజులకు మాత్రమే ముట్టుకోవాలి. చిట్టీ ఎత్తడం మా దిక్కు బాగా అలవాటు. 10 లక్షల చిట్టీ, 40 నెలలు, నెలకు 25,000. మూడో నెలలో 3 లక్షలు వదులుకుని పాడితే చేతికొచ్చేది 7 లక్షలు. డివిడెండ్ పోను మిగతా వాయిదాలు నెలనెలా కట్టాల్సిందే, ఆ నెలల్లో సినిమా నుంచి రూపాయి రాదు. జీతం ఉన్న మనిషి తన వాటా కోసం చిట్టీ ఎత్తితే పర్వాలేదు. సినిమానే తీర్చాలంటే వద్దు.

నేను నమ్మేది పదిహేను ఇరవై మంది కలిసి పెట్టడాన్ని. ఒక్కొక్కరు 5 లక్షల చొప్పున 15 మంది అయితే 75 లక్షలు. ఒక్కడు వెనక్కి తగ్గినా సినిమా ఆగదు, ఒక్కడు పెత్తనం చేయలేడు. దీనికి ఎల్ఎల్‌పీ, అంటే ఎవరి బాధ్యత వాళ్లు పెట్టినదాని వరకే ఉండే భాగస్వామ్య సంస్థ, బాగా సరిపోతుంది. ఇద్దరు డిజిగ్నేటెడ్ (చట్టం ముందు బాధ్యులైన) భాగస్వాములు ఉంటారు, కథ, నటులు, రోజువారీ ఖర్చు నిర్ణయాలు వాళ్లవేనని ఒప్పందంలో రాయాలి. మిగతావాళ్లకు లెక్కలు చూసే హక్కు, సినిమా అమ్మేటప్పుడు ఓటు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు పెట్టేటట్టయితే వాళ్ల ఎన్ఆర్ఐ ఖాతా నుంచే రావాలి, సీఏను అడగకుండా ఆ పని చేయొద్దు.

వాట్సాప్ గ్రూపులో, ఫేస్‌బుక్‌లో "వెయ్యి పెట్టండి, రెండు వేలు తీసుకోండి" అని రాయడం మాత్రం ప్రమాదం. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయినా ఏడాదికి 200 మందికి మించి షేర్లు ఇవ్వచూపకూడదు, అది కూడా పేరుపేరునా అడగాలి, బహిరంగంగా పిలవకూడదు. అనుమతి లేని డిపాజిట్లు సేకరించడాన్ని 2019 చట్టం నేరం చేసింది. జనం దగ్గర తీసుకోవాలనుకుంటే విరాళంగానో, టికెట్, పోస్టర్, టైటిల్స్‌లో పేరు లాంటి బదులుగానో తీసుకోవాలి, లాభం మాట ఎత్తొద్దు. 1976లో గుజరాత్ పాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేసి శ్యామ్ బెనెగల్ 'మంథన్'కు 10 లక్షలు సమకూర్చారు. అక్కడ పాలు పోసే ప్రతి రైతు లెక్కా సహకార సంఘం దగ్గర ఉంది, కోత పెట్టడం ఒక్క సంతకంతో అయింది. అట్లాంటి సంఘం లేకుండా తలా కొంత వసూలు చేయడం మొదలుపెడితే వసూలు చేయడమే ఒక ఉద్యోగం అవుతుంది.

ఒప్పందంలో అందరూ వాటా శాతం చూస్తారు, వరుస చూడరు. డబ్బు వచ్చినప్పుడు మొదట ఎవరికి, తర్వాత ఎవరికి అనేదే అసలు సంగతి. ఈ వరుస న్యాయంగా ఉంటుందని నా అభిప్రాయం: ముందు పన్నులు, అమ్మకపు ఖర్చులు, తర్వాత అప్పు ఉంటే అప్పు, తర్వాత పెట్టుబడిదారుల అసలు, వాటాల ప్రకారం అందరికీ ఒకేసారి, తర్వాత తగ్గించుకుని పనిచేసిన టెక్నీషియన్లకు, నటులకు రావాల్సిన బాకీ, ఆపైన లాభం పెట్టుబడిదారులకు సగం, తీసినవాళ్లకు సగం. బాకీ పెట్టిన ప్రతి మనిషికీ అంకె రాసివ్వాలి. "సినిమా ఆడితే చూసుకుందాం" అనే మాట మీద కెమెరామన్ 28 రోజులు పనిచేస్తే ఆ స్నేహం ఇరవై తొమ్మిదో రోజు నుంచి పాడవడం మొదలవుతుంది. ఊరి నటులకు, లైట్‌బాయ్‌లకు, వంటవాళ్లకు బాకీ పెట్టనే వద్దు. రోజు కూలీ మీద బతికేవాళ్ల దగ్గర సినిమా అప్పు తీసుకోవడం తప్పు.

నగదు విషయం కూడా ఇక్కడే. 20,000 లేదా అంతకు మించి అప్పు నగదుగా తీసుకోకూడదు. ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చును పన్ను లెక్కలో ఒప్పుకోరు. నటులు, టెక్నీషియన్ల ఫీజు ఏడాదిలో 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ పట్టి, తర్వాతి నెల 7వ తేదీ లోపు కట్టాలి. "చేతికి ఇంత" అని మాట్లాడుకుంటే ఆ టీడీఎస్ మన మీద పడుతుంది. మాట్లాడేటప్పుడే టీడీఎస్‌తో కలిపి ఎంతో తేల్చుకోవాలి.

పెట్టుబడిదారుకు ఏం చూపించాలి? ట్రైలర్ లాంటి టీజర్ తీసి మ్యూజిక్ కొట్టి చూపిస్తే అందరూ బాగుందంటారు, ఎవరూ పైసలు తీయరు. సినిమాలోంచి ఒక్క సీను, అయిదారు నిమిషాలది, అదే నటులతో, అదే యాసలో, మాటలు వినపడేట్టు తీసి చూపించండి. దానితో పాటు ఒక పేజీ కథ, పది పేజీల ట్రీట్‌మెంట్ (సీన్ల వారీగా కథ), బడ్జెట్, షెడ్యూల్, పైన చెప్పిన చెల్లింపుల వరుస. ఇంకో కాగితం తప్పనిసరి: రూపాయి కూడా తిరిగి రాకపోతే ఈయన పరిస్థితి ఏంటి అన్నది. బిడ్డ పెళ్లికి దాచిన పైసలైతే తీసుకోవద్దు.

పోటీపడి గెలుచుకునే డబ్బు కూడా ఉంది. ఎన్ఎఫ్‌డీసీ (కేంద్ర ప్రభుత్వ సినిమా అభివృద్ధి సంస్థ) స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్ స్క్రిప్టును చెక్కడానికి, గోవాలో నవంబర్‌లో జరిగే వేవ్స్ ఫిల్మ్ బజార్ (పాత పేరు ఫిల్మ్ బజార్) నిర్మాతలను కలవడానికి. అక్కడి కో-ప్రొడక్షన్ మార్కెట్‌కు స్క్రిప్టు దశలో, వర్క్ ఇన్ ప్రోగ్రెస్ ల్యాబ్‌కు రఫ్ కట్ (తొలి ఎడిటింగ్) దశలో పంపుకోవాలి. రోటర్‌డామ్ చిత్రోత్సవం నడిపే హ్యూబర్ట్ బాల్స్ ఫండ్ మన దేశపు స్క్రిప్టులకూ సాయం చేస్తుంది. అన్నిటికీ ఇంగ్లిష్‌లో కాగితాలు కావాలి. మన యాసలోని మాటను చదువుకున్న ఇంగ్లిష్‌లో పెడితే చప్పగా అవుతుంది, అనువాదానికి మంచి మనిషిని పెట్టుకుని పైసలివ్వండి. గెలిస్తే వచ్చే డబ్బు కన్నా, గెలిచారన్న మాట హన్మకొండలో ఇంకో నలుగురు పెట్టుబడిదారులను తెస్తుంది.

షూటింగ్ ఎప్పుడు అనేది పైసల లెక్కే. మా దిక్కు పొలం చెప్పినట్టు షెడ్యూల్ వేసుకోవాలి. వానాకాలం వరి అక్టోబర్ చివరి నుంచి కోతకొస్తుంది. యాసంగి నాట్లు డిసెంబర్ చివర, జనవరిలో పడతాయి, కోత ఏప్రిల్. పత్తి అక్టోబర్ నుంచి తెల్లగా విచ్చుకుంటుంది, ఏరడం అయిపోతే చేను కట్టెలే. నవంబర్‌లో పండిన వరి మధ్య సీను సగం తీసి, మిగతాది వారం తర్వాత అనుకుంటే హార్వెస్టర్ దిగి గంటలో ఎకరం ఖాళీ చేసిపోతుంది. దీనికి మందు చాలా చవక. రైతును అడిగి, కెమెరాకు కనపడే మూల రెండు గుంటలు కోయకుండా ఉంచమనాలి. ఎకరానికి 25 క్వింటాళ్లు లెక్కన రెండు గుంటలకు క్వింటంబావు. ఆ వడ్ల ధరకు రెట్టింపు ముందే చేతిలో పెడితే ఆయన కాదనడు. హార్వెస్టర్ మళ్లీ ఒక్క మూలకు రాదు కాబట్టి కోత కూలీ కూడా మనదే.

మేడారం జాతర ఏడాది అయితే ఆ నెల మొత్తం ములుగు, హన్మకొండ వైపు షెడ్యూల్ పెట్టొద్దు. బండ్లు, గదులు, జనరేటర్లు ఏవీ దొరకవు, దొరికినా రేటు వేరు. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, మంథని దిక్కు మధ్యాహ్నం నటులు నిలబడలేరు, కెమెరా కూడా వేడికి ఆగుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపల ముగించేట్టు వెనక్కి లెక్కేసుకుంటే, పైసలు ఖాతాలో పడాల్సింది ఆగస్టులోనే.

అనుమతుల్లో వేయి స్తంభాల గుడి, ఖిలా వరంగల్ కోట, రామప్ప కేంద్ర పురావస్తు శాఖవి. ఫీజు, డిపాజిట్, స్క్రిప్టుతో నెలల ముందు దరఖాస్తు పెట్టాలి. చిన్న సినిమాకు కీర్తి తోరణం ముందు ఒక షాట్ కోసం అంత అవసరమా అని ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. కాజీపేట స్టేషన్‌కు దక్షిణ మధ్య రైల్వే, పాకాల, ఏటూరునాగారం అడవికి అటవీ శాఖ. ఊళ్లో అయితే పంచాయతీకి, పోలీస్ స్టేషన్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. డ్రోన్ 250 గ్రాముల లోపుదైతే పైలట్ లైసెన్సు అక్కర్లేదు, కానీ ఆ చోటు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవాలి.

కెమెరా సామాను ఎక్కువగా హైదరాబాద్ నుంచే వస్తుంది. దానితో అటెండెంట్ వస్తాడు, ఆయన బత్తా, గది మనదే. వచ్చే రోజు, పోయే రోజు కిరాయి పూర్తిదా సగమా అన్నది కాగితం మీద ఉండాలి. ఇక్కడి పెళ్లి వీడియోల కెమెరామన్లు మంచి చెయ్యి ఉన్నవాళ్లు, సినిమాకు వస్తే లాభమే. వాళ్లకు మొదట చెప్పాల్సింది సెకనుకు 24 ఫ్రేములు. పెళ్లి వీడియోలకు 25 అలవాటు. 25లో తీసినదాన్ని థియేటర్ కోసం 24లో నడిపిస్తే 110 నిమిషాల సినిమా దాదాపు 114న్నర నిమిషాలవుతుంది, గొంతులు మందంగా వినిపిస్తాయి. రెండు కెమెరాల్లో ఒకటి 24, ఒకటి 25 అయితే మాట, పెదవి కలపడానికే ఎడిటర్‌కు వారాలు పోతాయి. రెండోది, మన కరెంటు 50 హెర్ట్జ్. 24 ఫ్రేములతో షట్టర్ 1/48 పెడితే ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీ బల్బులు తెర మీద మినుకుమంటాయి. షట్టర్ 1/50, అంటే 172.8 డిగ్రీలు పెడితే పోతుంది. చిన్న మానిటర్‌లో ఈ మినుకు కనపడదు, డీఐలో కనపడుతుంది, అప్పుడు తీయడానికి అయ్యే ఖర్చు ఎక్కువ.

డేటా లెక్క కూడా ముందే వేయాలి. సెకనుకు 100 ఎంబీ వచ్చే ఫార్మాట్ అయితే గంటకు 360 జీబీ. నిమిషం సినిమాకు ఎనిమిది నిమిషాలు తీస్తే దాదాపు 15 గంటలు, అంటే 5.4 టీబీ. మూడు కాపీలు ఉండాలి, ఒకటి వేరే ఇంట్లో. కార్డు కాపీ అయిందని ఫోల్డర్ సైజు చూసి చెరపడం కాదు, చెక్‌సమ్ చూసే (కాపీ అసలుతో పూర్తిగా సరిపోయిందో తేల్చే) సాఫ్ట్‌వేర్‌తో కాపీ చేసి, రెండు కాపీలు సరిపోయినాకే కార్డు ఫార్మాట్ చేయాలి. ఈ పని చేసే మనిషికి ఆ రోజు ఇంకో పని చెప్పకూడదు.

సౌండ్ దగ్గర నేను గట్టిగా చెబుతా: లొకేషన్‌లోనే సింక్ సౌండ్ తీయండి, అంటే నటిస్తున్నప్పుడే మాటలు రికార్డు చేయండి. మన పరిశ్రమ అలవాటు డబ్బింగ్. కానీ ఒగ్గు కథ చెప్పే ఆయన, బీడీలు చుట్టే అవ్వ లొకేషన్‌లో ఎంత బాగా మాట్లాడినా, హైదరాబాద్ డబ్బింగ్ థియేటర్‌లో హెడ్‌ఫోన్ పెట్టి అదే మాట అనమంటే బిగుసుకుపోతారు. వేరే గొంతు పెడితే యాస పోతుంది. అట్లా 20 మందిని తీసుకుపోవడానికి అయ్యే ఖర్చుతో మంచి సౌండ్ రికార్డిస్టు వస్తాడు. అయితే లొకేషన్ ఎంచేటప్పుడే చెవితో చూడాలి. కాజీపేట చుట్టుపక్కల గూడ్స్ బండ్లు ఆగకుండా పోతుంటాయి, అక్కడ పొడుగు సీన్లు పెట్టొద్దు. తెలంగాణలో వ్యవసాయానికి 2018 జనవరి నుంచి 24 గంటల కరెంటు ఉంది కాబట్టి బోరు మోటర్ ఏ వేళైనా ఆటోస్టార్టర్‌తో మొదలవుతుంది. చుట్టూ ఉన్న మోటర్లు ఎవరివో ముందురోజే కనుక్కుని, టేక్ సమయంలో ఆపి, అయిపోగానే మళ్లీ వేసి రావడానికి ఒక కుర్రాడిని పెట్టాలి. వేయడం మరిచిపోతే రెండో రోజు ఎవరూ ఆపనివ్వరు. ఇంట్లో సీను అయితే ఫ్రిజ్ బంద్ చేసి, ప్రొడక్షన్ బండి తాళం ఆ ఫ్రిజ్‌లోనే పెట్టాలి, పోయేటప్పుడు తాళం కోసం ఎట్లాగూ తెరుస్తారు. గంజి పెట్టిన చేనేత చీర కాలర్ మైకుకు రాసుకుని గరగరలాడుతుంది, ఒకసారి ఉతికిన చీర కట్టించండి. ప్రతి చోట అందరినీ ఊరకుండమని 30 సెకన్లు ఖాళీ శబ్దం రికార్డు చేయాలి. ఎడిటింగ్‌లో రెండు టేకులను అతికించేది అదే.

పల్లె సినిమా అంటే ఎడ్ల బండి, బర్రె, కోడి ఉంటాయి. వాటికి యానిమల్ వెల్ఫేర్ బోర్డు నుంచి ముందే అనుమతి, షూటింగ్‌లో పశువైద్యుడి సర్టిఫికెట్, ఆ తర్వాత ఎన్‌ఓసీ కావాలి. లేకపోతే సెన్సార్ దగ్గర ఆ షాట్లు పోతాయి, ఒక్కోసారి సీనే పోతుంది. పిల్లలు నటిస్తే జిల్లా కలెక్టర్ అనుమతి తప్పనిసరి. రోజుకు 5 గంటలకు మించొద్దు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటొద్దు, వాళ్ల సంపాదనలో 20 శాతం వాళ్ల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. పాటల విషయంలో, బతుకమ్మ పాట ఎవరిదీ కాదని యూట్యూబ్‌లో ఉన్న పాటను తీసుకుంటే ఆ రికార్డింగ్, ఆ కొత్త చరణాలు ఆ ఛానల్‌వి. ఊరి పెద్దవ్వ దగ్గర మీరే పాడించుకుని, ఆమెకు డబ్బిచ్చి, కాగితం రాయించుకోండి.

కథ, మాటలు, పాటలు, సంగీతం హక్కులు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాపీరైట్ చట్టం ప్రకారం ఒప్పందంలో కాలం రాయకపోతే అయిదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశమే అని లెక్క. ఈ రెండు మాటలు రాయక, తర్వాత ఓటీటీ వాళ్లు కాగితాలు అడిగినప్పుడు విడిపోయిన రచయిత ఇంటి చుట్టూ తిరగాల్సి వస్తుంది.

పోస్ట్ ప్రొడక్షన్ మెల్లగా, వరుసగా చేయాలి. కట్ ఖాయం కాకముందే ఆర్ఆర్ మొదలుపెడితే ప్రతి మార్పుకూ మళ్లీ పని. మిక్సింగ్‌లో మాటలు లేని శబ్దాల ట్రాక్ వేరేగా తీయించుకోండి, హిందీ డబ్బింగ్ హక్కులు అమ్మాలంటే అదే అడుగుతారు. సెన్సార్‌కు ఆన్‌లైన్‌లో ఈ-సినీప్రమాణ్‌లో దరఖాస్తు, హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం చూస్తుంది. 2024 నిబంధనల తర్వాత యూఏ (పిల్లలు పెద్దల తోడుతో చూడదగ్గ) సర్టిఫికెట్‌లో 7+, 13+, 16+ అని మూడు రకాలు వచ్చాయి. బీడీ, కల్లు ఉన్న సీన్లకు హెచ్చరికలు పడతాయి, పొగాకు ఉంటే మొదట్లో, ఇంటర్వెల్ తర్వాత ప్రకటనలు కూడా. వినికిడి, చూపు లోపం ఉన్న ప్రేక్షకుల కోసం క్యాప్షన్లు, ఆడియో వర్ణనపై 2024 మార్చిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, ఆ ఖర్చు పైన చెప్పిన 2 లక్షల్లో కలుపుకోండి. జాతీయ అవార్డులకు ఆ ఏడాది జనవరి 1 నుంచి డిసెంబర్ 31 లోపల సెన్సార్ అయి ఉండాలి. డిసెంబర్ చివరి వారంలో తొందరపడటమా, జనవరికి పోవడమా అన్నది ముందే తేల్చుకోండి. ఫెస్టివల్స్‌కు పంపాలనుకుంటే థియేటర్, ఓటీటీ రెండూ ఆగాలి, మొదటి ప్రదర్శన తమ దగ్గరే కావాలని చాలా ఉత్సవాలు అడుగుతాయి.

రిలీజ్‌కు ఉంచిన 15 లక్షలను రాష్ట్రమంతా చల్లితే ఎక్కడా కనపడదు. హన్మకొండ, వరంగల్, కరీంనగర్, జనగామ, మంచిర్యాలలో ఎంచుకున్న హాళ్లలో, రోజుకు రెండు షోలు, రెండు వారాలు ఉండేట్టు మాట్లాడుకోవడం మేలు. థియేటర్ కిరాయి మనమే కడుతున్నామా, శాతమా, క్యూబ్ (థియేటర్‌కు సినిమాను డిజిటల్‌గా చేర్చే సంస్థ) ఖర్చు ఎవరిది అన్నవి మూడూ ఒకే కాగితం మీద ఉండాలి. సంక్రాంతి, దసరా, పెద్ద హీరో సినిమా ఉన్న వారం దగ్గరికి పోవద్దు. ప్రతి రోజు రాత్రి ప్రతి హాలు నుంచి డీసీఆర్ (ఆ రోజు వసూళ్ల రిపోర్టు) తెప్పించుకుని, టికెట్ల సంఖ్యను ఆన్‌లైన్ బుకింగ్‌తో సరిచూసుకోవాలి. ఆ షీటునే నెలకోసారి పెట్టుబడి పెట్టిన 15 మందికీ పంపండి. వచ్చింది, పోయింది, మిగిలింది అన్న మూడు వరుసలు చాలు. ఓటీటీ డబ్బు విడతలుగా వస్తుంది కాబట్టి ఇది ఏడాది, రెండేళ్లు సాగుతుంది. ఈ పని చేసే అకౌంటెంట్ ఫీజు కూడా మొదటి రోజు బడ్జెట్‌లోనే రాసుకోవాలి, లేకపోతే ఆ షీట్లు రెండో నెల నుంచే ఆగిపోతాయి.